పాత కారుకు కొత్త ఇంజన్: ముందు బండిని అడగాలి

1964లో బ్రిటన్‌కు చెందిన రూట్స్ కంపెనీ ‘సన్‌బీమ్ టైగర్’ అనే చిన్న స్పోర్ట్స్ కారును మార్కెట్లోకి తెచ్చింది. అది పూర్తిగా కొత్త కారేం కాదు. అప్పటికే అమ్ముతున్న సన్‌బీమ్ ఆల్పైన్‌లోని నాలుగు సిలిండర్ల ఇంజన్ తీసేసి, ఆ చోట్లో ఫోర్డ్ వారి 4.3 లీటర్ల అమెరికన్ వీ8 ఇంజన్ (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు ఉండేది) కూర్చోబెట్టారు. పొడవులో పాతదానికంటే దాదాపు 9 సెంటీమీటర్లే ఎక్కువ. అయినా దాన్ని లోపలికి దించడానికి ఫ్యాక్టరీలో సమ్మెట పట్టాల్సి వచ్చింది. ఇంజన్‌కూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్య ఉండే రేకుగోడను ఫైర్‌వాల్ అంటారు. ప్రైమర్ కొట్టి, రంగు వేసి సిద్ధం చేసిన ఆ గోడను సమ్మెటతో కొట్టి వెనక్కి అణిచేవాళ్ళు. పాత స్టీరింగ్ బాక్స్ అడ్డం వస్తోందని దాన్ని తీసేసి ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ పెట్టారు. ఒక స్పార్క్ ప్లగ్ అయితే బోనెట్ ఎత్తినా చేతికి అందదు. కారు లోపల కూర్చుని, ఫైర్‌వాల్‌కున్న రబ్బరు మూత పీకి, ఆ కన్నంలోంచి విప్పాలి.

తర్వాత రూట్స్ కంపెనీ క్రైస్లర్ చేతికి వెళ్ళింది. తమ కారులో ఫోర్డ్ ఇంజన్ ఉండటం క్రైస్లర్‌కు సహజంగానే నచ్చలేదు. తమ దగ్గరున్న చిన్న వీ8 పెడదామని చూశారు. పవర్ సరిపోతుంది. కానీ స్పార్క్ ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఫోర్డ్ ఇంజన్‌కు ముందు ఉంటుంది, క్రైస్లర్ ఇంజన్‌కు వెనక ఉంటుంది. వెనక అంటే సరిగ్గా ఆ సమ్మెట దెబ్బలు తిన్న గోడ దగ్గర. అక్కడ వేలు దూరే సందు కూడా లేదు. 1967లో టైగర్ తయారీ ఆగిపోయింది. ఇంజనీర్లు, డబ్బు, ఫ్యాక్టరీ అన్నీ ఉన్న కంపెనీకే ఒక డిస్ట్రిబ్యూటర్ ఉన్న చోటు దారి మూసేసింది.

పాత కారులో వేరే ఇంజన్ పెట్టాలనుకునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన సంగతి ఈ కథలోనే ఉంది. మాట మొదలవగానే అందరూ అడిగేది ‘ఏ ఇంజన్ పెడితే బాగుంటుంది?’ అని. ముందు తేల్చుకోవాల్సింది ‘ఈ బండి ఏ ఇంజన్‌ను మోయగలదు, ఎంతవరకు తట్టుకోగలదు?’ అని. పాత కారులో గేర్‌బాక్స్, యాక్సిల్, బ్రేకులు, స్ప్రింగులు, రేడియేటర్, చివరికి హెడ్‌లైట్ల వైరు మందం కూడా ఆ మొదటి ఇంజన్‌ను చూసుకునే పెట్టి ఉంటారు. ఇంజన్ మారిందంటే మిగతావాటన్నిటి లెక్కా మారినట్టే. బండికి తక్కువ ఇబ్బంది పెట్టే ఇంజనే మంచి ఎంపిక. అన్నిటికంటే పెద్ద ఇంజన్ దొరికిందని సంబరపడి మొదలుపెట్టిన పనులు చాలావరకు సగంలో ఆగిపోయి, షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతుంటాయి.

‘వింటేజ్’ అన్న మాటను కచ్చితంగా వాడేవాళ్ళకు 1919 నుంచి 1930 మధ్య తయారైన కార్లే వింటేజ్. వాడుకలో మాత్రం ముప్పై నలభై ఏళ్ళు దాటిన ప్రతి ముచ్చటైన కారునూ అలాగే పిలుస్తున్నారు. ఇక్కడ కూడా ఆ వాడుక అర్థమే తీసుకుందాం. ఇంజన్ ఎందుకు మారుస్తారంటే ఎక్కువగా అవసరం కొద్దీ. పాత ఇంజన్ బోరుకొచ్చి, పిస్టన్లు, బేరింగులు దొరక్క కొందరు మారుస్తారు. నేటి హైవే వేగాన్ని అది అందుకోలేక ఇంకొందరు మారుస్తారు. పెట్రోల్‌లో సీసం పోయాక వాల్వ్ సీట్లు అరిగిపోతున్నాయని కొన్నిసార్లు ఇంజన్నే తీసేస్తుంటారు. ఈ చివరి కారణానికైతే ఇంజన్ మార్చాల్సిన పనే లేదు. గట్టి లోహంతో చేసిన వాల్వ్ సీట్లు హెడ్‌లో దిగ్గొట్టిస్తే ఆ బాధ తీరిపోతుంది. అలాగే బోరింగ్ చేయించి, క్రాంక్ గ్రైండింగ్ చేయించి, కొత్త పిస్టన్లు వేయిస్తే చాలా ఇంజన్లు మళ్ళీ లేచి కూర్చుంటాయి. మార్పిడికి అయ్యే ఖర్చు లెక్కేసేటప్పుడు ఇంజన్ ధరను మాత్రమే చూస్తారు. దాని వెంట వచ్చే రేడియేటర్, షాఫ్ట్, పంపు, వైరింగ్, బ్రాకెట్లు కలిపితే ఇంజన్ ధర చిన్నదైపోతుంది.

ఈ పనికి చాలా పెద్ద చరిత్రే ఉంది. 1932లో ఫోర్డ్ మామూలు జనం కొనగలిగే ధరలో వీ8 ఇంజన్ తెచ్చింది. 3.6 లీటర్లు, 65 హార్స్‌పవర్. అంతకు ముందు వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏ ఇంజన్ 40 హార్స్‌పవర్‌ది. పాత మోడల్ ఏ బాడీలో ఈ వీ8 బిగించడం అమెరికా కుర్రాళ్ళకు ఒక పిచ్చిలా పట్టుకుంది. హాట్ రాడ్ అనే సంప్రదాయం పెరిగింది అక్కడే. 1955లో షెవర్లే చిన్న వీ8 తెచ్చింది. అది తేలిక, చౌక, ఎక్కడంటే అక్కడ దొరికేది. దాంతో అది కనిపించిన ప్రతి బోనెట్ కిందికీ దూరింది. కంపెనీలూ ఇదే పని చేశాయి. ఏసీ ఏస్ అనే బ్రిటిష్ కారుకు బ్రిస్టల్ ఇంజన్లు రావడం ఆగిపోతే, కారల్ షెల్బీ 1962లో అందులో ఫోర్డ్ వీ8 పెట్టించాడు. అదే కోబ్రా.

చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ నేర్పేది మాత్రం ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కథ. 1.8 లీటర్ల, 95 హార్స్‌పవర్ ఇంజన్ ఉన్న ఆ చిన్న కారుకు కంపెనీయే రెండుసార్లు పెద్ద ఇంజన్ పెట్టి చూసింది. మొదటిసారి 1967లో: 2.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, 145 హార్స్‌పవర్. మొత్తం పోత ఇనుము. పాతదానికంటే 95 కిలోలు ఎక్కువ. ఆ పొడవు, ఎత్తు పట్టక బోనెట్ మీద బొడిపె పెట్టాల్సి వచ్చింది. ముందు సస్పెన్షన్ మొత్తం మార్చి టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) వేయాల్సి వచ్చింది. ఇంతా చేశాక మలుపుల్లో ముక్కు బరువుతో కారు తిరగడానికి మొరాయిస్తోందని పత్రికలు ఏకిపారేశాయి. రెండేళ్ళకే మూతపడింది. రెండోసారి 1973లో: రోవర్ వారి 3.5 లీటర్ల వీ8, 137 హార్స్‌పవర్. పవర్ కాస్త తక్కువే. కానీ బ్లాకు, హెడ్లు అల్యూమినియంవి. నాలుగు సిలిండర్ల ఇనప ఇంజన్‌తో పోలిస్తే బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. బోనెట్ మీద బొడిపె లేదు, ముందు సస్పెన్షన్‌ను తిరగరాయలేదు, కారు చక్కగా నడిచింది. ఒకే బాడీ, దాదాపు ఒకే పవర్, రెండు భిన్నమైన ఫలితాలు. కాబట్టి ఇంజన్ చూడటానికి వెళ్ళినప్పుడు హార్స్‌పవర్ కంటే ముందు అడగాల్సిన అంకె బరువు. ఆ బరువు ముందు చక్రాల ఇరుసుకు ఎంత ముందుకు పడుతుందో, ఎంత వెనక్కి పడుతుందో అన్నది ఆ వెంటనే అడగాల్సినది.

పట్టడం వేరు, కుదరడం వేరు

టేపు పట్టుకుని పొడవు, వెడల్పు, ఎత్తు కొలిస్తే ఇంజన్ పట్టినట్టే అనిపిస్తుంది. అసలు తగువు మూలల్లో ఉంటుంది. ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టెను సంప్ అంటారు. దాని లోతైన భాగం కొన్ని ఇంజన్లకు ముందు ఉంటుంది, కొన్నిటికి వెనక ఉంటుంది. పాత కారులో ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్ సరిగ్గా అక్కడే తగిలితే ఇంజన్ కిందికి దిగదు. సంప్ కోసి, లోతు వెనక్కి మార్చి వెల్డింగ్ చేయడం పెద్ద పనేం కాదు. కానీ సంప్ మార్చినప్పుడు లోపల నూనె పీల్చే గొట్టాన్ని కూడా దాని వెంట మార్చాలి. ఆ గొట్టం మూతి సంప్ అడుగుకు మరీ ఆనితే నూనె రాదు, మరీ పైకి ఉంటే మలుపులో నూనె పక్కకు ఒరిగినప్పుడు గాలి పీలుస్తుంది. గాలి పీల్చిన ఆ రెండు మూడు సెకన్లు చాలు బేరింగులు కరిగిపోవడానికి.

సిలిండర్ల నుంచి వేడి పొగను బయటికి మోసే ఎగ్జాస్ట్ మానిఫోల్డుకూ స్టీరింగ్ కడ్డీకీ మధ్య దూరం ఇంకో తలనొప్పి. చల్లగా, ఆపి ఉన్నప్పుడు ఒక వేలు సందు ఉంటే సరిపోయిందనుకుంటారు. కానీ ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే క్రాంక్ తిరిగే దిక్కుకు ఎదురుగా అది ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ ఒరుగుడు సెంటీమీటరు దాటొచ్చు. ఎర్రగా కాలిన మానిఫోల్డ్ స్టీరింగ్ జాయింట్‌కు రాసుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అనుభవం ఉన్న మెకానిక్ అందుకే నిండు ఇంజన్‌ను మొదట్లోనే దించడు. క్రాంకు, పిస్టన్లు లేని ఖాళీ బ్లాకుకు ఖాళీ గేర్‌బాక్స్ తొడిగి, ఆ తేలికపాటి జతను పదిసార్లు ఎక్కించి దించి చూస్తాడు. మౌంటింగులను పూర్తిగా వెల్డ్ చేయడు, అక్కడక్కడ చుక్కలు పెట్టి వదిలేస్తాడు. బోనెట్ సంగతి చూడటానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ఎయిర్ క్లీనర్ మీద, ఇంజన్‌లో ఎత్తుగా ఉన్న ప్రతి చోటా పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి రంగు మట్టిని గోపురంలా పెట్టి, బోనెట్ మెల్లగా మూసి మళ్ళీ తెరుస్తారు. మట్టి ఎక్కడ అణిగిందో, ఎంత మందం మిగిలిందో చూస్తే అక్కడున్న సందు మిల్లీమీటర్లతో సహా తెలిసిపోతుంది. ఎయిర్ క్లీనర్ మీద మట్టి కాగితంలా పల్చబడిందంటే, ఇంజన్ ఊగినప్పుడు బోనెట్‌కు తగులుతుందని అర్థం. ఆ రోజు మౌంటింగులు కిందికి జరపడం అరగంట పని. రంగు వేశాక జరపాలంటే వారం పని.

వెనక చక్రం దాకా వెళ్ళే లెక్క

ఇంజన్ కూర్చున్నంత మాత్రాన కారు కదలదు. గేర్‌బాక్స్‌తో జత కుదరాలి. ఇంజన్ వెనక భాగంలో బోల్టుల అమరిక కంపెనీ కంపెనీకీ మారుతుంది, ఒకే కంపెనీలో కూడా మారుతుంది. పాత గేర్‌బాక్స్‌నే ఉంచాలంటే మధ్యలో ఒక అడాప్టర్ ప్లేట్ కావాలి. ఆ ప్లేట్ చూడటానికి కన్నాలున్న మందపాటి అల్యూమినియం పలక, అంతే. పని మాత్రం చాలా నాజూకైనది. క్రాంక్ కేంద్రం, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కేంద్రం ఒకే గీత మీదికి రావాలి. ఎంత కచ్చితంగా అంటే, ఫ్లైవీల్‌కు డయల్ గేజ్ బిగించి, బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు డొప్ప) కన్నం లోపలి అంచు మీద దాని ముల్లు ఆనించి, క్రాంకును చేత్తో ఒక చుట్టు తిప్పినప్పుడు ముల్లు మొత్తం కదలిక 0.13 మిల్లీమీటర్లు దాటకూడదన్నది చాలామంది పాటించే హద్దు. వెంట్రుక మందానికి కాస్త ఎక్కువ, అంతే. అది దాటితే కొత్త క్లచ్ కూడా అదురుతుంది, ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ అరుస్తుంది, గేర్లు జారిపోతుంటాయి. క్లచ్ ప్లేట్లు మూడుసార్లు మార్చినా తగ్గని అదురుకు కారణం ఒక్కోసారి ఇదే. కొలవకుండా బిగించేయడం ఈ పనిలో అన్నిటికంటే ఖరీదైన తొందరపాటు.

తిరిగే దిక్కు కూడా చూసుకోవాలి. ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజంగా జరిగే సంగతి. షెవర్లే కార్వెయిర్ ఇంజన్ గాలితో చల్లబడేది, ఆరు సిలిండర్లది, వెనక బిగించేది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో పెట్టడానికి బాగుంటుందని చాలామంది ఎంచుకున్నారు. అయితే అది మామూలు ఇంజన్లకు వ్యతిరేక దిక్కులో తిరుగుతుంది. చక్రాలకు తిరుగుడును పంచే డిఫరెన్షియల్‌లో రింగ్ గేర్‌ను అటు పక్క నుంచి ఇటు పక్కకు తిప్పి బిగించకపోతే ఆ బీటిల్ ముందుకు ఒక గేరులోనూ వెనక్కి నాలుగు గేర్లలోనూ నడుస్తుంది.

ఇక టార్క్ సంగతి, అంటే ఇంజన్ తిప్పే బలం. పాత ఇంజన్ 100 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోందనుకుందాం. మొదటి గేరు నిష్పత్తి 3.4, వెనక డిఫరెన్షియల్ నిష్పత్తి 4.1. మూడూ గుణిస్తే యాక్సిల్ దగ్గర దాదాపు 1400. అదే గేర్లు ఉంచి 300 న్యూటన్ మీటర్ల ఇంజన్ పెడితే అక్కడ దాదాపు 4200. ఆ యాక్సిల్ షాఫ్టులు మొదటి అంకెను తట్టుకోవడానికి చేసినవి. అయినా చాలా బండ్లలో అవి వెంటనే విరగవు. కారణం సన్నటి పాత టైర్లు. వాటికి పట్టు తక్కువ కాబట్టి టార్క్ మరీ ఎక్కువైతే చక్రం జారి తిరిగేస్తుంది, యాక్సిల్ మీద పడాల్సిన దెబ్బ తప్పిపోతుంది. ఇది తెలియక ‘పవర్ రోడ్డు మీదికి దిగట్లేదు’ అని వెడల్పాటి టైర్లు వేస్తారు. అప్పుడు జారడం ఆగుతుంది, షాఫ్టు విరుగుతుంది. టైర్ల దుకాణంలో మొదలైన మార్పుకు వెనక యాక్సిల్ బలైపోతుందన్నమాట.

టార్క్ పెరిగినప్పుడు డిఫరెన్షియల్ నిష్పత్తి తగ్గించుకోవచ్చు, తగ్గించాలి కూడా. టైరు ఒక చుట్టు తిరిగితే 1.9 మీటర్లు పోతుందనుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 877 చుట్లు తిరుగుతుంది. టాప్ గేరు నేరుగా ఉండే పాత గేర్‌బాక్స్‌లో, 4.1 నిష్పత్తితో ఇంజన్ 3600 చుట్లు తిరగాలి. 3.07తో అయితే 2700 చాలు. ఎంజీబీకి 3.9 ఉండేది, వీ8 పెట్టాక 3.07 చేశారు. ఒక పెద్ద మార్పిడి చేసి ఈ ఒక్కటి వదిలేస్తే కారు మొదటి గేరులో ఎగిరి దూకుతుంది, హైవే మీద చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. అందుకే ఇంజన్ కొనేటప్పుడే వెనక యాక్సిల్ పళ్ళ లెక్క కూడా రాసుకోవాలి.

గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చాలామంది కళ్ళకు కనిపించని విషయం. ఆ షాఫ్ట్ రెండు చివరల్లోనూ ఉండే క్రాస్ జాయింట్ వంకరగా పనిచేసేటప్పుడు ఒక వైపు సమానంగా తిరిగినా రెండో వైపు సమానంగా తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. 3 డిగ్రీల వంకరకు ఆ తేడా వెయ్యిలో ఒకటీ రెండు వంతులే. 10 డిగ్రీలకు అది వందకు ఒకటిన్నర. రెండో చివరన ఉన్న జాయింట్‌ను అంతే కోణంలో ఎదురుగా పెడితే ఒకదాని తేడాను ఇంకొకటి సరిచేస్తుంది. అందుకే ఇంజన్ వెనక భాగాన్ని రెండు మూడు డిగ్రీలు కిందికి వంచి, వెనక డిఫరెన్షియల్ మూతిని అంతే పైకి ఎత్తుతారు. బోనెట్ కింద చోటు కోసం ఇంజన్‌ను ఇష్టం వచ్చినట్టు వంచేస్తే, 70 కిలోమీటర్ల వేగం దాటగానే సీటు కింద సన్నగా మొదలయ్యే వణుకు ఎంత బ్యాలెన్సింగ్ చేయించినా పోదు.

వేడి, కరెంటు, బ్రేకు

ఇంజన్‌లో కాలే పెట్రోల్ శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే చక్రాలకు పనికొస్తుంది. ఇంకో మూడో వంతు ఎగ్జాస్ట్‌లో పోతుంది. మిగిలినది ఇంజన్ నీళ్ళలోకి, రేడియేటర్‌లోకి వస్తుంది. పవర్ రెట్టింపైతే రేడియేటర్ కూడా రెట్టింపు కావాలని ఇది చదివి అనుకోవచ్చు. కానీ సమతల రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగంలో పోవడానికి కారుకు కావాల్సిన పవర్ ఆ బాడీని బట్టి ఉంటుంది, బోనెట్ కింద ఎంత పెద్ద ఇంజన్ ఉందన్న దాన్ని బట్టి కాదు. ఆ వేగంలో పెద్ద ఇంజన్‌తో కూడా రేడియేటర్ మీద భారం మరీ పెరగదు. బండి హీటెక్కేది ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు. పాత కార్ల ముందు జాలీ సన్నగా, ఎత్తుగా ఉంటుంది, గాలి తక్కువ వస్తుంది. పెద్ద ఇంజన్ పెట్టేసరికి రేడియేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఫ్యాన్‌కు చోటు మిగలదు. సన్నటి కరెంటు ఫ్యాను పెట్టి, దాని చుట్టూ డొప్ప కట్టకుండా వదిలేస్తారు. అప్పుడు ఫ్యాను లాగే గాలి రేడియేటర్ మొత్తంలోంచి కాకుండా తన ముందున్న గుండ్రటి ముక్కలోంచే వస్తుంది. రేడియేటర్ ఎంత పెద్దదైనా దానిలో సగం ఊరికే కూర్చుంటుంది. పెద్ద రేడియేటర్ కొనే ముందు ఆ డొప్ప సంగతి చూడటం మంచిది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇప్పటి ఇంజన్ 90 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. నీళ్ళు మరగకుండా మూత దగ్గర ఒక బార్ ఒత్తిడి దాకా నిలుపుతారు. ఆ ఒత్తిడిలో నీళ్ళు 120 డిగ్రీల దగ్గర గానీ మరగవు. పాత ఇత్తడి రేడియేటర్ ఒత్తిడే లేకుండానో, కొద్దిపాటి ఒత్తిడితోనో పనిచేసిన రకం. దానికి కొత్త మూత పెడితే అతుకులు విచ్చుకుంటాయి. పాత మూతే ఉంచితే ఇంజన్ మరిగిపోతుంది. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. బయటి షెల్ పాతదే ఉంచి లోపల కొత్త కోర్ వేయించడం దీనికి మంచి దారి; చూసేవాళ్ళకు మార్పు తెలియదు.

పెట్రోల్ విషయంలోనూ ఇదే వరస. కార్బురేటర్‌కు 0.2 నుంచి 0.4 బార్ ఒత్తిడి చాలు. ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు 3 నుంచి 4 బార్ కావాలి, అంటే దాదాపు పది రెట్లు. పాత పైపులు, క్లిప్పులు దానికి పనికిరావు. పైగా పాత ట్యాంకులో అడ్డుగోడలు ఉండవు. సగం ఖాళీ అయ్యాక మలుపులో పెట్రోల్ ఒక పక్కకు పోతే పంపు గాలి పీలుస్తుంది. కార్బురేటర్ తన చిన్న గిన్నెలో నిలవున్న పెట్రోల్‌తో ఆ క్షణాన్ని నెట్టుకొచ్చేస్తుంది. ఇంజెక్షన్ ఇంజన్ మాత్రం అక్కడికక్కడ దగ్గుతుంది. మధ్యలో ఒక చిన్న తొట్టె, మిగిలిన పెట్రోల్ వెనక్కి వెళ్ళడానికి ఒక పైపు పెడితే ఇది తీరుతుంది. తుప్పు పట్టిన ట్యాంకును శుభ్రం చేయకుండా ఇంజెక్టర్లు బిగించడం మాత్రం డబ్బు మురుగుకాలువలో పోయడమే.

కరెంటు దగ్గర పాత కారు మరీ వేరే లోకం. చాలా పాత కార్లవి 6 వోల్టులు. ఫోర్డ్ అమెరికాలో 12 వోల్టులకు మారింది 1956 మోడళ్ళతోనే. చాలా బండ్లలో బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి ఎర్త్ చేసి ఉంటుంది. అది చూసుకోకుండా ఆల్టర్నేటర్ కలిపితే దాని డయోడ్లు ఆ క్షణమే మాడిపోతాయి. కొత్త ఇంజన్‌తో పాటు కంప్యూటర్ వస్తుంది, దానికి క్రాంక్ సెన్సార్, వేడి సెన్సార్, ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సార్ కావాలి. ఆ కంప్యూటర్ తన సొంత కారులో తాళంచెవితో, గేర్‌బాక్స్‌తో, ఏబీఎస్‌తో మాట్లాడుతూ పనిచేసింది. ఇక్కడ అవేవీ జవాబివ్వకపోయేసరికి ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వదు. అందుకే చాలామంది ఇంజన్‌ను మాత్రమే నడిపే విడి కంప్యూటర్ పెట్టుకుంటారు. దానికి ట్యూనింగ్ తెలిసిన మనిషి కావాలి. కొత్త ఇంజన్ ఏ కారులోంచి వస్తోందో ఆ దాత కారు మొత్తం దొరికితే దాన్నే కొనడం తెలివైన పని: వైరింగ్, పెడల్, సెన్సార్లు, పంపు, తాళంచెవి అన్నీ ఒకే చోట వస్తాయి. ముక్కలు ముక్కలుగా కొంటే ప్రతి ముక్కకూ ఒక వారం టెన్షన్.

బ్రేకుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఒక లెక్క చాలు. కారులో ఉండే గతిశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 80కి బదులు 120లో పోతుంటే ఆపడానికి బ్రేకులు మింగాల్సిన వేడి రెండుంపావు రెట్లు. పాత డ్రమ్ములు రెండు మూడు గట్టి బ్రేకులకే కాగి, పెడల్ తొక్కినా పట్టు రాకుండా పోతాయి. చాలా పాత కార్లలో నాలుగు చక్రాలకూ ఒకటే బ్రేకు లైను. అది ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. ముందు డిస్కులు, రెండు లైన్లుగా విడిపోయే మాస్టర్ సిలిండర్ పెట్టాకే కొత్త ఇంజన్‌ను స్టార్ట్ చేయాలి, తర్వాత కాదు. డీజిల్ ఇంజన్ పెట్టేవాళ్ళు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి: పెట్రోల్ ఇంజన్ మానిఫోల్డ్ ఇచ్చే వాక్యూమ్ డీజిల్‌లో ఉండదు. పెడల్ తొక్కుడుకు బలం కలిపే బ్రేకు బూస్టర్‌కు విడిగా వాక్యూమ్ పంపు కావాలి. పాత సిరీస్ ల్యాండ్ రోవర్లలో అదే కంపెనీ డిస్కవరీ మోడల్‌లోని 2.5 లీటర్ల టర్బో డీజిల్ ఇంజన్ అంతగా ఇమిడిపోవడానికి ఒక కారణం ఇదే. అది పాత ల్యాండ్ రోవర్ ఇంజన్ల వంశంలోదే. పాత గేర్‌బాక్స్‌కు కొద్ది మార్పులతో తగులుకుంటుంది, వాక్యూమ్ పంపు తనతోనే తెచ్చుకుంటుంది.

తిరిగి వెనక్కి వెళ్ళగలిగే దారి

కాగితాల పని ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. ఇంజన్ మార్పును అన్ని చోట్లా ఒకేలా చూడరు. బ్రిటన్‌లో మార్పులు చేసిన బండి తన పాత గుర్తింపును నిలుపుకోవడానికి చాలాకాలం ఒక పాయింట్ల పద్ధతి వాడారు: ఛాసిస్ లేదా బాడీకి 5, సస్పెన్షన్, యాక్సిళ్ళు, గేర్‌బాక్స్, స్టీరింగ్ ఒక్కోదానికి 2, ఇంజన్‌కు 1. మొత్తం 14లో 8 తెచ్చుకోవాలి. అంటే ఆ లెక్కలో ఇంజన్ మార్చడం చిన్న విషయం, ఛాసిస్ కోయడం పెద్ద విషయం. కాలిఫోర్నియాలోనైతే పొగ నియమాల కిందికి వచ్చే బండ్లలో పెట్టే ఇంజన్ ఆ బండి కంటే పాత సంవత్సరానిది కాకూడదు. ఎక్కడున్నా రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఇంజన్ నంబరు, బీమా కంపెనీకి చెప్పాల్సిన వివరం ముందే తేల్చుకోకపోతే, ప్రమాదం జరిగిన రోజున ఆ లోటు బయటపడుతుంది.

పాత కారు ఒక చరిత్ర పత్రం కూడా. ప్రపంచ పాత వాహనాల సమాఖ్య ఫీవా లెక్కలో చారిత్రక వాహనమంటే కనీసం ముప్పై ఏళ్ళది, చరిత్రకు తగ్గట్టుగా కాపాడినది, రోజువారీ రాకపోకలకు వాడనిది. ఆ సంస్థ మార్గదర్శక పత్రమైన ట్యూరిన్ చార్టర్ చేసిన సూచనను మార్పిడి చేసేవాళ్ళు గోడమీద రాసి పెట్టుకోవచ్చు: చేసే మార్పును మళ్ళీ విప్పి పాత స్థితికి తేగలిగేలా ఉండాలి, తీసేసిన ముఖ్యమైన భాగాలను బండితో పాటే భద్రపరచాలి. ఛాసిస్‌కు ఉన్న కన్నాలకే బోల్టులతో బిగించే మౌంటింగ్ కాస్త బరువుగా, కాస్త వికారంగా ఉండొచ్చు. ఫైర్‌వాల్ కోసేసి పెట్టిన మౌంటింగ్ అందంగా ఉండొచ్చు. అయినా మొదటిదే మేలు. రేపు ఈ బండి ఎవరి చేతికి వెళ్తుందో, వాళ్ళకు పాత ఇంజనే కావాలనిపిస్తుందో ఏమో ఎవరికీ తెలియదు.

ఈ మాట కరెంటు మోటార్ల దగ్గరకు వచ్చేసరికి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2017లో జాగ్వార్ ఒక 1968 ఈ-టైప్‌ను కరెంటు కారుగా మార్చి చూపించింది. 40 కిలోవాట్ అవర్ల బ్యాటరీని పాత ఆరు సిలిండర్ల ఇంజన్ ఉన్న చోట, దాదాపు అదే సైజులో, అదే బరువులో పెట్టారు. మోటారు, దాని గేరు పాత గేర్‌బాక్స్ ఉన్న చోట పడ్డాయి. కారు మొత్తం మీద 46 కిలోలు తేలికైంది కూడా. సస్పెన్షన్‌నూ బ్రేకులనూ మార్చాల్సిన పని రాలేదు. కావాలంటే మళ్ళీ పాత ఇంజన్ పెట్టుకోవచ్చు. ఇంజన్‌ను బండికి తగ్గట్టు ఎంచుకోవడానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ దొరకడం కష్టం. అయినా అలా మార్చిన కారు తమ నిర్వచనంలో చారిత్రక వాహనం కాదని ఫీవా 2019లో తేల్చి చెప్పింది. చెప్పడంలో తప్పేం లేదు. ఆ కారు శబ్దం, వాసన, గేరు మార్చినప్పటి అదురు కూడా ఆ చరిత్రలో భాగమే. అదే సమయంలో ఒక పాత కారు పనికిరాని ఇంజన్‌తో మూలన పడి తుప్పు పట్టడం కంటే ఇది నూరు రెట్లు నయం. రెండు మాటలూ నిజమే కాబట్టే తీసేసిన ఇంజన్‌కు ఏం చేస్తామన్నది అంత ముఖ్యం.

దాన్ని షెడ్డు నేల మీద పడేస్తే రెండు వానాకాలాలకు బిగుసుకుపోతుంది. స్పార్క్ ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో ఒకటి రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి, క్రాంకును చేత్తో నాలుగు చుట్లు తిప్పి, ప్లగ్గులు మళ్ళీ పెట్టాలి. బ్లాకులో నీళ్ళు చుక్క లేకుండా తీసేయాలి. మానిఫోల్డ్ కన్నాలకు, పంపు మూతులకు మూతలు బిగించాలి. చెక్క స్టాండ్ మీద పెట్టి, గాలి ఆడేలా గుడ్డ కప్పి, ఆరు నెలలకోసారి క్రాంకును పావు చుట్టు తిప్పుతుండాలి. పాత మౌంటింగులు, షాఫ్టు, రేడియేటర్ గొట్టాలు, ఆ బోల్టులు సైతం ఒక పెట్టెలో పెట్టి, ఏది ఎక్కడిదో చీటీ రాసి కట్టాలి. ఇంజన్ నంబరును ఫోటో తీసి బండి కాగితాలతో కలిపి ఉంచాలి.